చరఖా పట్టినవాడు

పతంగుల పేంచ్‌కి, అంటే దారాలు పెనవేసి ఒకరిది ఒకరు కోసే పోటీకి, ఇద్దరు కావాలి. ఒకడు దారం పట్టుకుంటాడు, ఇంకొకడు దారం చుట్టిన చరఖా పట్టుకుంటాడు. సంక్రాంతి నాడు హైదరాబాద్‌లో ఏ డాబా ఎక్కి చూసినా ఇంతే. దారం పెద్దకొడుకు చేతిలోనో, మాంజాకి డబ్బులు పెట్టినవాడి చేతిలోనో ఉంటుంది. చరఖా ఇంట్లో చిన్నవాడికో, తనకంటూ పతంగి లేని పక్కింటి కుర్రాడికో అప్పజెబుతారు. ఢీల్ ఇచ్చినప్పుడు, అంటే దారం వదిలినప్పుడు, చరఖా వేళ్ళ మధ్య అడ్డం లేకుండా తిరగాలి. ఖీంచినప్పుడు, అంటే లాగినప్పుడు, కాళ్ళ దగ్గర కుప్పపడే దారాన్ని చిక్కుపడకుండా చుట్టెయ్యాలి. తెగితే తిట్లు చరఖా పట్టినవాడికి, గెలిస్తే పేరు దారం పట్టినవాడికి. ఎదుటి పతంగి తెగగానే "అఫా" అని గొంతు చించుకునే హక్కు మాత్రం ఇద్దరిదీ.

ఖాలెద్ హొసైనీ నవల "ది కైట్ రన్నర్"ని ఈ చరఖా వైపు నుంచి చదవాలని నా వాదన. 2003లో అచ్చయిన దగ్గర్నుంచీ ఆ పుస్తకానికి మూడు మాటలు అంటుకుపోయాయి: బాల్యస్నేహం, ద్రోహం, ప్రాయశ్చిత్తం. పుస్తకం తెరవనివాళ్ళు కూడా ఈ మూడూ అప్పజెబుతారు. నా లెక్కలో మూడూ తప్పుచోట అతికించినవే. సరైన చోట అతికిస్తే నవల ఇంకాస్త చేదుగా ఉంటుంది, ఇంకాస్త మంచి నవలగానూ ఉంటుంది. (కథంతా బయటపెట్టేస్తున్నాను. ఇంకా చదవనివాళ్ళు ముందు ఆ పుస్తకం చదివి రావడం మేలు.)

ముందు స్నేహం సంగతి. కాబూల్‌లో డబ్బున్నవాళ్ళుండే వజీర్ అక్బర్ ఖాన్ పేటలో ఓ పెద్ద ఇల్లు. యజమానిని కొడుకు పిలిచినట్టే మనమూ బాబా అనాలి. పెత్తనం చేసే పష్తూన్ జాతివాడు, సున్నీ, వ్యాపారి. కొడుకు అమీర్. అదే ఆవరణలో మట్టి గుడిసెలో నౌకరు అలీ, అతని కొడుకు హసన్. వీళ్ళు హజారాలు, షియాలు. 1890ల్లో అఫ్ఘాన్ రాజు అబ్దుర్ రహ్మాన్ ఖాన్ సైన్యం ఊచకోత కోసి, భూములు లాక్కుని, మిగిలినవాళ్ళని బానిసలుగా అమ్మిన జాతి. అమీర్ తల్లి పురిట్లోనే పోయింది. హసన్ తల్లి వారం తిరక్కుండానే ఇల్లొదిలి పోయింది. ఇద్దరికీ పాలిచ్చింది ఒకే దాది. ఒకే రొమ్ము పాలు తాగినవాళ్ళ మధ్య తెగని బంధం ఉంటుందని అలీ పదేపదే గుర్తుచేస్తాడు. పిల్లలు పలికిన మొదటి మాటలు కూడా నవల రాసిపెట్టింది. అమీర్ అన్నది "బాబా". హసన్ అన్నది "అమీర్".

ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడు తండ్రిని పిలిచాడు, రెండోవాడు చిన్నదొరని పిలిచాడు. పొద్దున్నే లేచి హసన్ చాయ్ కాచి, నాన్ సర్ది, అమీర్ బట్టలు ఇస్త్రీ చేసి, బూట్లు తుడిచి, పుస్తకాలు సంచిలో పెడతాడు. అమీర్ తండ్రి కారులో బడికి పోతాడు. హసన్ ఇంట్లో ఉండిపోతాడు. మధ్యాహ్నం ఇద్దరూ గుట్ట మీది పాత శ్మశానం పక్కన దానిమ్మచెట్టు కింద కూర్చుంటే అమీర్ చదువుతాడు, చదువురాని హసన్ వింటాడు. కష్టమైన మాటకి అర్థం అడిగితే అమీర్ తప్పుడు అర్థం చెప్పి లోపల నవ్వుకుంటాడు. మందమతి అని అర్థమొచ్చే మాటని తెలివైనవాడు అని చెబుతాడు. హసన్ ఎప్పుడూ తన స్నేహితుడని తాను అనుకోలేదని అమీరే ఒప్పుకుంటాడు కూడా. అంత స్పష్టంగా చెప్పాక కూడా అట్టల మీద స్నేహం అని వేసేవాళ్ళని ఏమనాలి? పెద్దరైతు కొడుకూ జీతగాడి కొడుకూ కలిసి గోలీలాడిన ఊళ్ళు మనకేమీ కొత్త కాదు. ఆ ఆట ఎన్నాళ్ళు సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుసు. దాన్ని స్నేహం అని తర్వాత గుర్తుచేసుకునేది ఎప్పుడూ పెద్దరైతు కొడుకే.

ఇక పోటీ. కాబూల్‌లో చలి మూలంగా శీతాకాలమంతా బడులకి సెలవు, అందుకే పతంగులకి అదే కాలం. అక్కడి భాష దరీలో ఆ ఆటని గుడిపరాన్ బాజీ అంటారు. నవలలో కోసే దారానికి "తార్" అని పేరు. మన మాంజా లాంటిదే, తయారీ కూడా దాదాపు మన పద్ధతే. నూలు దారాన్ని గాజుపొడి, జిగురు కలిపిన ముద్దలోంచి లాగి, రెండు చెట్ల మధ్య కట్టి ఆరబెట్టి, మర్నాడు కొయ్య చరఖాకి చుట్టాలి. చెప్పడం తేలికే. గాజుని పిండిలా నూరకపోతే గరుకు పలుకులు జిగురు పట్టుకోక రాలిపోతాయి, ఉన్నవి ముందు మన వేళ్ళనే కోస్తాయి. పూత మందమైతే దారం బిరుసెక్కి ముడి దగ్గర పుటుక్కుమంటుంది. పూర్తిగా ఆరకముందే చుడితే పొరలు ఒకదానికొకటి అతుక్కుని, సరిగ్గా ఢీల్ ఇవ్వాల్సిన క్షణంలో చరఖా పట్టేస్తుంది. హైదరాబాద్ మాంజాకి అన్నం గంజి వాడేవాళ్ళు, రంగు కలిపేవాళ్ళు ఉన్నారు. (మెరిసే నైలాన్ మాంజాని దీనితో కలపకండి. అది తెగదు, పక్షుల రెక్కల్నీ బండి మీద పోయేవాడి గొంతునీ తెంపుతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు.)

పేంచ్ పడ్డాక దారం ఎందుకు తెగుతుందో తెలిస్తే ఈ నవల ఇంకో రకంగా కనిపిస్తుంది. రెండు దారాలకీ గాజే ఉంది, పదునులో పెద్ద తేడా ఉండదు. కదిలే దారం తన అరుగుదలని పొడవునా పంచుకుంటుంది. ఆగిన దారం మాత్రం ఒకే చోట కోత పడి, అక్కడే తెగుతుంది. అందుకే వదలడమో లాగడమో, ఏదో ఒకటి ఆపకుండా చెయ్యాలి. ఎటూ తేల్చుకోలేక అలాగే పట్టుకుని నిలబడ్డవాడి పతంగే పోతుంది.

1975 చలికాలంలో ఆ పోటీ అమీర్ గెలుస్తాడు. చరఖా హసన్ చేతిలో ఉంది. చివరగా తెగింది నీలం పతంగి. చివరి పతంగిని పట్టి తెచ్చినవాడికి కాబూల్‌లో గౌరవం. పాతబస్తీ పిల్లలు లూటడం అంటారే, అదే. హసన్ అందులో ఆరితేరినవాడు. ఆకాశం వైపు చూడకుండానే పతంగి ఎక్కడ పడుతుందో అక్కడికి పోయి నిలబడతాడు. నీ కోసం వేయిసార్లైనా తెస్తానని చెప్పి పరిగెత్తాడు. తెచ్చేదారిలో ఓ సందులో అసెఫ్ అనే పోకిరీ కుర్రాడు, వాడి జతగాళ్ళు అడ్డగించారు. పతంగి ఇచ్చెయ్యమన్నారు. హసన్ ఇవ్వలేదు. అసెఫ్ హసన్ మీద లైంగిక దాడి చేశాడు. అమీర్ సందు మొదట్లో దాక్కుని చూశాడు, అడుగు వెయ్యకుండా నిలబడ్డాడు, తర్వాత పారిపోయాడు. తండ్రి మెప్పు కోసం తనకి ఆ నీలం పతంగి కావాలి, దానికి హసన్ మూల్యం అనుకున్నాడు.

నవలలో ద్రోహం ఇదేనని అందరూ అంటారు. పరీక్ష పేపర్లలో కూడా ఇదే. నాకు ఒప్పదు. పన్నెండేళ్ళ పిల్లవాడు, తనకంటే పెద్దవాళ్ళు ముగ్గురు, వాళ్ళ నాయకుడి జేబులో ఇత్తడి పిడికిలి తొడుగు. భయపడి కాళ్ళు కదలకపోవడం పిరికితనం, సిగ్గుపడాల్సిన పిరికితనమే. కానీ ద్రోహానికి తీరిక కావాలి, లెక్క కావాలి. ఆ లెక్క కొన్ని నెలల తర్వాత అమీర్ పుట్టినరోజు అయ్యాక వేస్తాడు.

ఆ పని ఎంత పద్ధతిగా చేశాడో చూడండి. కానుకల్లోంచి రెండు ఏరుకున్నాడు: తండ్రి ఇచ్చిన కొత్త చేతిగడియారం, కవర్లలో వచ్చిన అఫ్ఘానీ నోట్లు. గుడిసెలో అలీ, హసన్ లేని సమయం చూశాడు. రెంటినీ హసన్ పరుపు కింద పెట్టాడు. కాసేపు ఆగి వెళ్ళి బాబా తలుపు కొట్టాడు. నేరం కూడా ఊరికే ఎంచుకోలేదు. ప్రపంచంలో పాపం ఒక్కటే, దొంగతనం, మిగతావన్నీ దానికి మారుపేర్లే అని బాబా సిద్ధాంతం. అంటే తండ్రి క్షమించలేని ఒకే ఒక్క తప్పు ఏదో కొడుక్కి తెలుసు, దాన్నే వాడాడు. సందులో అమీర్ చేతకానివాడు. ఇక్కడ చేతనైనవాడు.

ఆ తర్వాత జరిగింది లెక్కలో లేనిది. తీశావా అని బాబా అడిగితే హసన్ తీశానన్నాడు. తీయలేదంటే అబద్ధం ఎవరు చెప్పారో తేలిపోతుంది. సందులో అమీర్ తనని చూశాడని హసన్‌కి తెలుసని అమీర్‌కి అప్పుడే అర్థమైంది. బాబా, దొంగతనానికి క్షమాపణ లేదన్న బాబా, క్షమించేశాడు. అలీ మాత్రం ఆగలేదు. సామాను సర్దుకుని కొడుకుతో సహా హజారాల సీమ హజారాజాత్ వెళ్ళిపోయాడు. తండ్రి ఏడవడం అమీర్ మొదటిసారి చూశాడు. ఎందుకేడ్చాడో పాఠకుడికి తెలిసేసరికి పాతికేళ్ళు గడుస్తాయి. హసన్ కూడా బాబా కొడుకే.

ఇక్కడ హొసైనీ చేతిపని గురించి ఓ మాట. పరుపు కింద డబ్బు నవలలో రెండుసార్లు వస్తుంది. రెండోసారి 2001లో. తండ్రితో వలసపోయిన కాలిఫోర్నియా నుంచి అమీర్ తిరిగొచ్చి, హసన్ కొడుకు సొహ్రాబ్‌ని వెతుకుతూ ఫరీద్ అనే డ్రైవర్‌తో కాబూల్ పోతూ, దారిలో ఫరీద్ అన్న ఇంట్లో రాత్రి ఆగుతాడు. అన్నం తింటుంటే ఆ ఇంటి పిల్లలు తన చేతిగడియారాన్నే కళ్ళార్పకుండా చూస్తున్నారనుకుని తీసి ఇచ్చేస్తాడు. వాళ్ళు కాసేపు తిప్పి చూసి పక్కన పడేశారు. రాత్రి గోడ అవతల మాటలు విన్నాకే తెలిసింది. వాళ్ళు చూసింది గడియారాన్ని కాదు, తను తింటున్న అన్నాన్ని. ఇంట్లో ఉన్నదంతా అతిథికి పెట్టి పిల్లల్ని పస్తు పడుకోబెట్టారు. పొద్దున బయల్దేరేముందు అమీర్ గుప్పెడు నలిగిన నోట్లు ఓ పరుపు కింద దూర్చాడు. ఇరవయ్యారేళ్ళ కిందట చేసిన పనే కదా అని తానే అనుకున్నాడు కూడా. గడియారం, నోట్లు, పరుపు. సామాను అదే. ఏ మార్పూ లేకుండా ఉద్దేశం ఒక్కటే తిరగబడింది. మీసాలు మెలేసి చేసే యుద్ధాలకంటే నాకు ఈ ఒక్క పేజీ గట్టిగా తగిలింది, ఎందుకంటే ఇక్కడ అమీర్ మంచి చేస్తూ కూడా ముందు తప్పే చూశాడు. ఆకలిని గడియారం అనుకున్నాడు.

ప్రాయశ్చిత్తం దగ్గరికి వద్దాం. చాలామంది దృష్టిలో అది అసెఫ్‌తో కొట్లాట. తాలిబాన్ పెద్దగా మారిన అసెఫ్ చేతిలో సొహ్రాబ్ చిక్కి ఉన్నాడు. అమీర్ వెళ్ళాడు, చావుదెబ్బలు తిన్నాడు. పక్కటెముకలు విరిగాయి, ప్లీహం చితికింది, పైపెదవి నడిమికి చీలింది. హసన్ పుట్టుకతోనే గ్రహణమొర్రి పిల్లవాడు. ఆ గుర్తు ఇప్పుడు అమీర్ మొహానికొచ్చింది. ఇంతవరకూ చక్కగా అమరింది, కాస్త ఎక్కువే అమరింది. దెబ్బలు తింటూ అమీర్ నవ్వుతాడు, మనసు తేలికైందంటాడు. ఎందుకు తేలికవదు? ఆ దెబ్బలు అతను ఎప్పుడో అడుక్కున్నవే. సందు ఘటన తర్వాత దానిమ్మచెట్టు కింద హసన్ మీద పండ్లు విసిరి, తిరిగి కొట్టమని వేడుకున్నాడు. హసన్ కొట్టలేదు. ఒక పండు తీసుకుని తన నుదుటికే కొట్టుకున్నాడు. ఇన్నేళ్ళకి అసెఫ్ ఆ బాకీ తీర్చాడు. దెబ్బలు తిని పాపం కడుక్కోవడం కొంత చవకబేరం. లాభం తినేవాడిదే, చచ్చినవాడికీ మిగిలినవాడికీ ఏమీ ఒరగదు. పైగా ఆ గదిలో ఎవరు ఎవర్ని కాపాడారు? సొహ్రాబ్ వడిసెల ఎత్తి ఇత్తడి గుండుతో అసెఫ్ కన్ను పేల్చాడు. 1973లో, దావూద్ ఖాన్ రాజుని దించిన మర్నాడు, హసన్ కూడా వడిసెలతోనే అదే అసెఫ్ నుంచి అమీర్‌ని కాపాడాడు. అప్పుడు తండ్రి, ఇప్పుడు కొడుకు. చరఖా చేతులు మారింది, అంతే.

అసలు పరీక్ష ఆ తర్వాత ఇస్లామాబాద్‌లో, కుర్చీలో కూర్చుని ఇవ్వాల్సినది. ఈ భాగం చాలామంది గబగబా పేజీలు తిప్పేసే భాగం. అమెరికా దౌత్యకార్యాలయంలో రేమండ్ ఆండ్రూస్ అనే అధికారి అడిగిందొకటే. తల్లిదండ్రులు చనిపోయారని రుజువేది? హసన్‌నీ భార్య ఫర్జానానీ తాలిబాన్లు కాబూల్‌లో ఇంటి ముందే కాల్చి చంపారు. దానికి మరణ ధృవపత్రం ఎవరిస్తారు? కాబూల్‌లో అమెరికా దౌత్యకార్యాలయం 1989 జనవరిలోనే మూతపడింది. అప్పటి తాలిబాన్ ప్రభుత్వాన్ని గుర్తించినవి పాకిస్తాన్, సౌదీ అరేబియా, యుఎఈ మూడే. అమెరికా గుర్తించని ప్రభుత్వం ముద్ర అమెరికా బల్ల మీద ఎందుకు చెల్లుతుంది? ఆ పైన చట్టం చిక్కు. ఇస్లామిక్ న్యాయంలో దత్తత లేదు, సంరక్షకత్వం ఉంది. పెంచుకోవచ్చు, తిండి పెట్టవచ్చు, కానీ బిడ్డ పేరూ వారసత్వమూ కన్నవాళ్ళవే. పాకిస్తాన్‌లో ఇప్పటికీ నడిచేది 1890 నాటి సంరక్షకుల చట్టం, బ్రిటిషువాళ్ళు రాసిందే. అదే చట్టం మన దగ్గరా ఉంది. 1956 దత్తత చట్టం హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులకే కనక, మన ముస్లిం, క్రైస్తవ, పార్సీ దంపతులు చాలాకాలం దీని కింద సంరక్షకులుగా మాత్రమే మిగిలారు. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఈ చిక్కు వేరే చెప్పక్కర్లేదు.

ఒమర్ ఫైసల్ అనే వకీలు చెప్పిన ఉపాయం సక్రమమైనదే. పిల్లవాడిని ఓ అనాథాశ్రమంలో చేర్చు, అప్పుడు అనాథ పిటిషన్ వెయ్యి, ఐ-600 ఫారం, అమెరికాలో మీ ఇంటి తనిఖీ అయ్యేదాకా అక్కడ ఉంటాడు. కాగితం మీద ఇందులో తప్పులేదు. కానీ అనాథాశ్రమంలోంచే సొహ్రాబ్‌ని తాలిబాన్లు పట్టుకుపోయారు. మళ్ళీ అక్కడికి పంపనని అమీర్ మాటిచ్చి కొన్ని రోజులే అయింది. ఇప్పుడు కొంచెం రోజులే కదా అన్నాడు. పిల్లవాడు ఏడ్చి, బతిమాలి, నిద్రపోయాడు. అందరూ అనే ఆ సందుని కూడా లెక్కేస్తే అమీర్ మూడో ద్రోహం ఇది. దీనికి పిరికితనం కారణం కాదు, ఈర్ష్య కారణం కాదు, మంచి ఉద్దేశం కారణం. మొదటి రెండింటినీ క్షమించగలిగినవాళ్ళు దీని దగ్గర ఆగి ఆలోచించాలి. ఇలాంటి ద్రోహం మనమంతా చేసి ఉంటాం, నీ మంచికే అంటూ.

ఆ తర్వాతి సంఘటనకి తాళంచెవి నవల మొదట్లోనే ఉంది. హసన్‌కి ఎంతో ఇష్టమైన కథ షానామాలోని రుస్తుం సొహ్రాబుల కథ. ఫిర్దౌసీ సుమారు 1010లో పూర్తిచేసిన కావ్యం. తండ్రి రుస్తుం యుద్ధంలో కొడుకని తెలియక సొహ్రాబ్‌ని పొడుస్తాడు, చేతి తాయెత్తు చూశాక తెలుస్తుంది. గాయం మానే దివ్యౌషధం, నోష్‌దారూ, రాజు కైకావూస్ దగ్గర ఉంది. రుస్తుం కబురు పంపుతాడు. తండ్రీకొడుకులు ఒకటైతే తన సింహాసనానికి ముప్పని రాజు ఇవ్వడు. రుస్తుం తానే బయల్దేరేసరికి కొడుకు పోయిన కబురొస్తుంది. అప్పటినుంచీ పారశీకులకి ఓ సామెత: సొహ్రాబ్ చచ్చాక నోష్‌దారూ. మనం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటామే, అది.

నవలలో ఇది అక్షరాలా జరుగుతుంది. కాలిఫోర్నియా నుంచి భార్య సొరయా ఫోన్ చేస్తుంది. వలస శాఖలో పనిచేసే బంధువు మాట సాయంతో మానవతా వీసా దొరికేలా ఉంది, అనాథాశ్రమం అక్కర్లేదు. ఆ మాట చెబుదామని అమీర్ స్నానాలగది తలుపు తీస్తే సొహ్రాబ్ మణికట్లు కోసుకుని నీళ్ళలో ఉన్నాడు. మందు వచ్చింది, ఆలస్యంగా వచ్చింది. ఇవ్వనన్న రాజు స్థానంలో బల్ల అవతల కూర్చున్న ఆండ్రూస్. ఆయన్ని రాక్షసుడిలా కూడా రాయలేదు. ఆయన కూతురు ఆత్మహత్య చేసుకుందని గుమాస్తా మాటల్లో తెలుస్తుంది. హొసైనీ ఈ పోలికని ఎక్కడా విప్పి చెప్పడు. కొడుక్కి ఆ పేరు పెట్టినప్పుడు హసన్‌కి ఆ కథ చివర ఎలా ముగుస్తుందో తెలుసు. పర్షియన్ చదువుకున్న పాఠకుడికి పేరు వినగానే గుండె జారుతుంది. మిగతావాళ్ళం మూడొందల పేజీలు ఆగాలి.

సొహ్రాబ్ బతికాడు. బతికి, మాట్లాడటం మానేశాడు. అమెరికా చేరాక నెలల తరబడి ఒక్క మాట లేదు. నవల ధైర్యం ఇక్కడ ఉంది. కొట్లాట దగ్గర ముగించి, పిల్లవాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏడిపించి ఉంటే సినిమాకి సరిపోయేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, చిన్నవి కావు. అసెఫ్‌తో మొదలుపెట్టాలి. కుర్రతనంలో హిట్లర్ భక్తుడు, సందులో దుర్మార్గుడు, స్టేడియంలో రాళ్ళేసి చంపించే తాలిబాన్ పెద్ద, పిల్లల్ని చెరబట్టేవాడు. ఓ దేశంలో ఇరవయ్యేళ్ళ చెడంతా ఒక్క మనిషి గోదాంలో నిలవచేస్తే పాఠకుడికి పని తగ్గుతుంది. హజారాల మీద హింస ఒక్కడి దుర్మార్గం కాదు. 1998 ఆగస్టులో మజారె షరీఫ్‌లో జరిగిన ఊచకోతకి అసెఫ్ లాంటి సగం జర్మన్ విలన్ అవసరపడలేదు.

రెండో లోపం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పెషావర్‌లో బాబా పాత స్నేహితుడు రహీం ఖాన్ ముందు సొహ్రాబ్‌ని తీసుకురమ్మని అడిగాడు. అమీర్ వెళ్ళనన్నాడు, వేరే ఎవరికైనా డబ్బిచ్చి తెప్పించమన్నాడు. హసన్ నీ తమ్ముడని చెప్పాకే కదిలాడు. అంటే వెట్టి చేసిన పిల్లవాడి రుణం సరిపోలేదు, రక్తం కావాల్సొచ్చింది. ఇది అమీర్ లోపమా, రచయిత లోపమా? అమీర్ లోపమైతే నవల దాన్ని ఎక్కడో ఒకచోట గుచ్చాలి. గుచ్చలేదు. హజారా పిల్లవాడు సగం పష్తూన్ అని తేలాకే కథ ముందుకి నడవడం ఆ సమాజం మీద నవల చేసే విమర్శకే గండి కొడుతుంది.

ఇంకా హసన్ మంచితనం. కోపం లేదు, అడగడం లేదు, పగ లేదు. చరఖా పట్టినవాడి లోపల ఏముందో దారం పట్టినవాడు ఎలా రాస్తాడు, కథ చెప్పేది అమీర్ కదా అని సర్దిచెప్పుకోవచ్చు. నిజమే కానీ, ఒక్కచోట హసన్ సొంత గొంతు వినిపిస్తుంది, పెద్దయ్యాక చదవడం రాయడం నేర్చుకుని అమీర్‌కి రాసిన ఉత్తరంలో. అందులోనూ ఫిర్యాదు లేదు. హొసైనీ కుటుంబంలో పనిచేసిన ఓ హజారా మనిషికి చిన్నప్పుడు తాను అక్షరాలు నేర్పానని ఆయన చెప్పుకున్నాడు. అమీర్ ఎన్నడూ నేర్పని అక్షరాలు అవి. ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం కోపంగా ఉండి ఉంటే హసన్ దేవుడి స్థాయి నుంచి మనిషి స్థాయికి ఎదిగేవాడు.

పుస్తకం బయట జరిగింది కూడా ఈ చరఖా కథకి దగ్గరగానే ఉంది. 1999లో తాలిబాన్లు పతంగుల్ని నిషేధించారన్న వార్త చూసి కాలిఫోర్నియాలో వైద్యుడిగా ఉన్న హొసైనీ ముందు ఓ కథ రాశాడు. 2001 మార్చిలో దాన్ని నవలగా పెంచడం మొదలుపెట్టాడు, ఉద్యోగానికి పోయేముందు తెల్లవారుజామున. 2007లో సినిమా వచ్చింది. కాబూల్ భద్రం కాదని చైనాలోని కష్గర్‌లో తీశారు. సందు దృశ్యం మూలంగా అందులో నటించిన అఫ్ఘాన్ పిల్లలకి ఊళ్ళో ప్రమాదమని తేలాక, విడుదల వాయిదా వేసి వాళ్ళని యుఎఈకి తరలించాల్సొచ్చింది. ఆ తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో సినిమానే నిషేధించారు. పిల్లల చేత ఆ దృశ్యం చేయించినప్పుడు ఈ లెక్క ముందే ఎందుకు వెయ్యలేదో!

చివరి దృశ్యం 2002 మార్చిలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఓ చెరువు పక్క పార్కులో. అఫ్ఘాన్లు గుమికూడారు, పతంగులు ఎగురుతున్నాయి. అమీర్ ఒకటి కొన్నాడు. వేలు తడిచేసి గాలివాటం చూశాడు. దారం సొహ్రాబ్ వైపు చాపాడు. పిల్లవాడు తటపటాయించి అందుకున్నాడు. వదులైన దారాన్ని చుట్టడానికి అప్పుడు అమీర్ చరఖా తిప్పాడు. ఒక్క రెండు వాక్యాలంత సేపు. అంత పెద్ద నవలలో అమీర్ ఇంకొకరి కోసం చరఖా పట్టింది ఆ కాసేపే.

తర్వాత ఆకుపచ్చ పతంగి ఒకటి మీదికొచ్చింది. హసన్ ఎత్తు ఒకటి చూపిస్తానని అమీర్ దారం తానే తీసుకున్నాడు. చరఖా సొహ్రాబ్ అరచేతుల్లోకి పోయింది. మచ్చలు పడ్డ మణికట్ల మీద నరాలు తంత్రుల్లా బిగిసి ఉన్నాయని రాశాడు హొసైనీ. రెప్పపాటు అమీర్‌కి అవి హసన్ చేతుల్లా కనిపించాయి. పేంచ్ మొదలవగానే పాత ఏర్పాటే మళ్ళీ కుదిరింది, పష్తూన్ చేతిలో దారం, హజారా చేతిలో చరఖా. మారిందల్లా తెగిన పతంగి కోసం ఈసారి ఎవరు పరిగెత్తారన్నది. తెచ్చిపెట్టనా అని అడిగి, పెదవి ఒక కొస కదిలిందో లేదో అన్నంత నవ్వు చూసి, పెద్దవాడైన అమీర్ అరుస్తున్న పిల్లల గుంపులో పడి పరిగెత్తాడు. ఆకుపచ్చ పతంగి దొరికిందో లేదో నవల చెప్పదు.